గీతలో లేచిన మిట్ట

"నా కొడుకు బాగుపడటం నీకు ఇష్టం లేదా? ఉన్నమాట చెప్పు."

అత్తగారు ఈ ప్రశ్న వేసి చాలాసేపయింది. కోడలు సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. ఇష్టమే అంటే ఇక రిపోర్టు మాట ఎత్తకూడదు. ఎత్తిందా, ఇష్టం లేదని ఒప్పుకున్నట్టే. అత్తగారి ప్రశ్నలెప్పుడూ ఇంతే, ఇరుక్కోవడానికి దారి ఉంటుంది గానీ బయటపడటానికి ఉండదు.

"ఇష్టం లేకపోవడమేంటి అత్తయ్యా! ఆ మూడో స్కాను మీద నమ్మకం కుదరట్లేదన్నాను. అంతే."

"తీసింది నువ్వేగా?"

"నేనే."

"చూసి చెప్పింది నా కూతురేగా?"

"చిట్టే."

"మరి నమ్మకం లేనిది ఎవరిమీద? నీమీదా, దానిమీదా?"

జవాబు కోడలి నాలుక చివరే ఉంది. మింగేసింది. అసలే ఆడబిడ్డ అర్ధమొగుడు. ఆ ఆడబిడ్డ తల్లి ముందు ఆడబిడ్డను అనుమానించడమంటే పులి నోట్లో తల పెట్టడమే.

హాల్లో ఆమె భర్త ఈ గొడవ తనది కానట్టు కూర్చుని, పసుపు హెల్మెట్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు. రేవులో అందరూ అతన్ని డేగ అంటారు. ఓడల్లోంచి సరుకు పెట్టెల్ని ఎత్తి ఒడ్డున దించే పెద్ద క్రేను మీద, మేడలకన్నా ఎత్తున, గాజు గదిలో అతని సీటు. లారీ అంత పెట్టెను కింద తిరిగే మనుషుల మధ్య చప్పుడు కాకుండా దించేవాడు. ఏడాది కిందట మెదడువాపు జ్వరం వచ్చింది. మనిషి బతికాడు. జ్వరం పోతూ పోతూ కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తిని పట్టుకుపోయింది. చిన్ననాటి స్నేహితుల పేర్లు ఇంటిపేర్లతో సహా చెబుతాడు. పొద్దున విన్నది మాత్రం మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప, మర్నాటికి ఉండదు.

రేపు రేవు డాక్టర్ల బోర్డు అతన్ని చూస్తుంది. మళ్ళీ క్రేను ఎక్కించవచ్చా, శాశ్వతంగా ఇంట్లో కూర్చోబెట్టాలా అన్నది రేపటితో తేలిపోతుంది. మామూలు పరీక్షలు ఎటూ తేల్చలేదు. చిట్టి రిపోర్టు ఎటు మొగ్గితే బోర్డు కూడా అటే మొగ్గుతుంది. ఆ రిపోర్టులో మెదడులో కొత్త కణాలు పుడుతున్నాయని ఉంది. అవి నిజంగా ఉన్నట్టా లేనట్టా అన్నదే కోడలి బెంగ. పైనుంచి పెట్టె జారితే కింద ఉండేది మనుషులు.

"ఏమోయ్, ఆ గ్లాసు అరిగిపోతుంది, వదిలెయ్," అన్నాడు డేగ హాల్లోంచి.

వదిలేసింది. నవ్వు మాత్రం రాలేదు.

చెప్పుల చప్పుడుతో సహా చిట్టి వంటింట్లోకి వచ్చింది. ఇంట్లో చిట్టి గానీ, బయట పెద్ద పరిశోధకురాలు. పెద్దవాళ్ళ మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా పుట్టవా అన్నది తేలని తగువు. పుర్రె కొయ్యకుండా, సూది గుచ్చకుండా, బతికున్న మనిషి తలలోనే వాటి జాడ పట్టాలని ఆమె పంతం. పెళ్ళి మాటెత్తితే 'ముందు ఈ కణాల సంగతి తేలనీ' అంటుంది. వదిన పనిచేసే స్కానింగ్ సెంటర్లోనే యంత్రం ఉంది. మనిషిని అందులో పడుకోబెట్టి, చెవికి లోపలగా, జ్ఞాపకాలు నిలిచే చిన్న భాగం మీద తెరపై ఒక గడి గియ్యాలి. ఆ గడిలో ఏమేం పదార్థాలున్నాయో యంత్రం ఒక గీతగా చూపిస్తుంది. కొత్త కణాలుంటే గీతలో ఒకచోట మిట్ట లేస్తుందని చిట్టి వాదం. గడి గీసేది వదిన. గీత చదివేది ఆడపడుచు.

డేగ మొదటి రెండు స్కాన్లలో గీత ఆ చోట చదునుగా ఉంది. మూడోదానిలో మిట్ట లేచింది, అదీ మామూలుగా కాదు. ఆ రోజు చిట్టి అన్నయ్యను పట్టుకుని ఏడ్చింది. ఇల్లంతా ఏడ్చింది. వదినా ఏడ్చింది, కానీ కళ్ళు తుడుచుకున్నాక ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. సరిగ్గా ఆ చోటే కొవ్వు కూడా మిట్టగా లేస్తుంది. నెత్తిమీది చర్మం కింద అందరికీ ఉండే మామూలు కొవ్వు. తల జరిగి ఆ కొవ్వు ఛాయ గడిలో పడిందంటే, అది కొత్త కణాల వేషం వేసుకుని నిలబడుతుంది.

"నిన్న నువ్వు పంపిన మెసేజీ చూశాను వదినా," అంది చిట్టి. "నేరుగా అడుగుతున్నాను. నేను గీతను దిద్దానని నీ అనుమానమా?"

"ఆ మాట నేననలేదు."

"అనలేదు. 'మిట్ట మరీ ఎక్కువగా ఉంది, ఎలా వచ్చిందో' అన్నావు. అంటే ఏంటి అర్థం?"

"నువ్వెందుకు భుజాలు తడుముకుంటున్నావ్ చిట్టీ?"

అనేశాక నాలుక కరుచుకుంది. చిట్టి మొహం ఎర్రబడింది. అత్తగారు స్టవ్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ అటు తిరిగింది. ఆవిడ అలా ఊరుకోవడం కోడలికి వింతగా తోచింది. కూతుర్ని ఒక మాటంటే ఆవిడ అంత సులువుగా వదిలిపెట్టే మనిషి కాదు.

"సరే," అంది చిట్టి. "నేను దిద్దేదాన్నే అనుకుందాం. మరి గడి గీసిన చెయ్యి ఎవరిది? మొగుడి మీద ప్రేమకొద్దీ గడిని కాస్త అంచుకి జరిపితే అడిగేదెవరు?"

"నేనా?"

"ఏం, నువ్వు మాత్రం నన్ను అనుమానించొచ్చా?"

స్టవ్ మీద కుక్కరు కూత పెట్టింది. చివరికి వదినే తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"ఇవాళ సెలవు. సెంటర్లో ఎవరూ ఉండరు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. పద, ఇద్దరం కలిసే చూద్దాం. దొంగ నువ్వో నేనో తేలిపోతుంది."

* * *

స్కానింగ్ గది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. మనుషులు లేకపోతే ఇంకాస్త చల్లగా ఉంటుంది. అద్దానికి అవతల యంత్రం నోరు తెరుచుకుని ఉంది. తల కదలకుండా పట్టుకునే ప్లాస్టిక్ పంజరం బల్ల మీద, దాని పక్కన స్పాంజి దిండ్లు. ఇద్దరూ తెర ముందు పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి.

ముందు గడి చూశారు. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. చిట్టి తెర మీద గడిని మూసేసింది. 'నాదే పొరపాటు' అంటుందేమోనని వదిన కాసేపు చూసింది. ఆ ఇంటివాళ్ళకి ఆ మాట పలకడం రాదు.

"ఇప్పుడు గీత," అంది వదిన. "కలిపింది కాదు. విడివిడిగా విప్పు."

యంత్రం ఒక్కసారికే గీత గియ్యదు. టకటకమని కొడుతూ కాసేపు వింటుంది, ఆగుతుంది, మళ్ళీ వింటుంది. ఆ విన్నవన్నీ కలిపి సగటు తీస్తే ఒక గీత వస్తుంది. చిట్టి రోజూ చూసేది ఆ సగటునే. ఇల్లు చూసి కాపురం లెక్కగట్టినట్టు, లోపల ఒక్కో గదిలో ఏం జరిగిందో దాంట్లో తెలియదు.

చిట్టి విప్పింది. విప్పాక ఇద్దరూ ముందుకి వంగారు.

యంత్రం కొట్టడం మొదలుపెట్టిన ప్రతిసారీ మిట్ట లేచింది. ఆగబోయే ముందు అణిగింది. మళ్ళీ మొదలైతే మళ్ళీ లేచింది. కొత్త కణాలు చప్పుడు విని లేచి నిలబడవు. చప్పుడు ఆగగానే కూర్చోవు.

"కొవ్వే," అంది చిట్టి. గొంతులో నీరసం తెలిసిపోతోంది. "తల కదిలింది."

"భయపడి కదిలారేమో."

"భయపడ్డవాడు అడ్డదిడ్డంగా కదులుతాడు. ఇది చూడు వదినా. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మేర. చప్పుడు ఆగేసరికి మళ్ళీ ఉన్నచోటికే. డ్రిల్లు మాస్టారు ఈల వేసినట్టుంది."

వదిన కుర్చీ వెనక్కి జరిపింది. ఆ రోజు దిండ్లు పెట్టింది తనే. ఎవరికైనా సరే, తల ఇటు అటు కాకుండా బిగించి పెట్టడం ఆమె పద్ధతి. రోగులు 'చెయ్యి గట్టిదమ్మా' అంటారు. డేగ మాత్రం ఆ రోజు ఆమె వేలు పట్టుకుని, 'ఊపిరాడట్లేదోయ్, కాస్త వదులు చెయ్యి' అన్నాడు. చేసింది. మొదటి రెండుసార్లూ అదే బిగువులో రాయిలా పడుకున్న మనిషి మూడోసారి ఎందుకలా అన్నాడని అప్పుడు తట్టలేదు. పరాయివాడు అడిగితే చేసి ఉండేది కాదు.

"దిండ్లు వదులు చేశావు కదూ?" అంది చిట్టి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"ఊపిరాడట్లేదన్నారు."

"కదిపితే ఏమవుతుందో అన్నయ్యకి ఎవరో చెప్పారు. ఇంత చక్కగా కదపాలంటే చెప్పే ఉండాలి."

ఇద్దరూ ఒకేసారి ఒకరివైపు ఒకరు తిరిగారు.

"నువ్వు చెప్పావా?" అంది వదిన.

"నేనా? నా పరిశోధనని నేనే పాడుచేసుకుంటానా? నువ్వు చెప్పావా?"

"నేను చెప్పేదాన్నైతే ఇక్కడికి నిన్ను ఎందుకు తీసుకొస్తాను?"

రెండూ నమ్మదగిన మాటలే. నమ్మాలని ఇద్దరికీ ఉంది. అయినా ఇద్దరి కళ్ళూ దిగలేదు.

"అన్నయ్యనే అడుగు," అంది చివరికి చిట్టి. సంచీ సర్దుకుంటూ, జిప్పు పట్టకపోతే దాన్ని విసుక్కుంటూ చెప్పింది. "కావాలని చేశాడని తేలితే ఆ రిపోర్టు నిలవదు. అది లేకపోతే రేపు వాళ్ళు అన్నయ్యని ఇంటికి పంపేస్తారు. సాయంత్రం ఫోను చెయ్యి. అప్పటిదాకా ఆగుతాను."

"రిపోర్టు నీ దగ్గరే ఉందిగా ఇంకా?"

"సాయంత్రం ఫోను చెయ్యి వదినా."

* * *

సాయంత్రం డేగ బాల్కనీలో కూర్చుని రేవువైపు చూస్తున్నాడు. అక్కణ్ణుంచి క్రేన్ల కొనలు మాత్రం కనిపిస్తాయి. ఆమె పక్కన కూర్చుంది. దారి పొడుగునా కూడబెట్టుకున్న డొంకతిరుగుడు మాటలన్నీ అతని మొహం చూడగానే ఎగిరిపోయాయి.

"మూడో స్కానులో తల కదిపారా?"

"కదిపాను," అన్నాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "ఎందుకండీ?"

"కదిపితే ఆ మిట్ట పెరుగుతుందిగా."

"అని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను. నువ్వూ చిట్టీ వంటింట్లో మాట్లాడుకుంటున్నారు. నేను హాల్లో ఉన్నాను. చిట్టి యాపిల్ కోస్తోంది. నువ్వు కుళాయి కట్టేసి, 'తల గోడవైపు జరిగితే చాలు, కొవ్వు వచ్చి గడిలో కూర్చుంటుంది' అన్నావు."

ఆమె అతనివైపు పూర్తిగా తిరిగింది.

అవును, తనే అంది. అచ్చం ఆ మాటలే అంది. చిట్టి యాపిలే కోసింది. అది మూడో స్కానుకి నెలకి పైగా ముందు సంగతి. నిన్నటి మాట నిలవని తలలో అంతకాలం నిలిచింది! ఆ యాపిల్‌తో సహా, ఆ కుళాయితో సహా నిలిచింది. గుర్తుపెట్టుకుని, సమయం వచ్చాక వాడుకున్నాడు కూడా.

మోసం చేశాడని కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ వెనకనుంచి సంతోషం వచ్చి దాన్ని ఒక్క తోపు తోసింది. అతని భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడాదిగా ఈ మనిషికి పొద్దున్నే 'ఇవాళ ఫలానా వారం' అని చెప్పి లేపుతోంది. చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి, ఒకరోజు బాత్రూంలో తలుపేసుకుని గోడకి చెప్పుకుని ఏడ్చింది. గీత అబద్ధమైతే అవనీ, మనిషి నిజం. ఇంకేం కావాలి?

"ఏమైందోయ్? కదపకూడదా?" అన్నాడతను, కంగారుగా.

"ఏం కాలేదు. ఉండండి, చిట్టికి మీ నోటితోనే చెప్పండి."

ఫోను కలిపి స్పీకరు పెట్టింది. ఆడపడుచును పొద్దున అన్న మాటకి క్షమాపణ కూడా అడిగేద్దామనుకుంది, అంత సంతోషంగా ఉంది.

"చిట్టీ, మీ అన్నయ్య ఏం చెబుతున్నారో విను. ఏమండీ, తల కదపాలని ఎలా తెలిసిందో చెప్పండి."

డేగ గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను. నువ్వూ చిట్టీ వంటింట్లో మాట్లాడుకుంటున్నారు. నేను హాల్లో ఉన్నాను. చిట్టి యాపిల్ కోస్తోంది. నువ్వు కుళాయి కట్టేసి..."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఇందాక ఆగినచోటే ఆగాడు, ఇందాక ఊపిరి తీసినచోటే తీశాడు. చిట్టితో మాట్లాడుతూ 'చిట్టి యాపిల్ కోస్తోంది' అన్నాడు. ఆమె అతని భుజం మీంచి తన చెయ్యి మెల్లగా తీసేసింది, ఎందుకో తనకే తెలియకుండా.

అవతల చిట్టి గొంతు తగ్గించింది.

"వదినా, స్పీకరు తీసెయ్."

తీసి చెవికి పెట్టుకుంది.

"ఆ రోజు అన్నయ్య ఇంట్లో లేడు."

"ఏంటీ?"

"గుర్తు తెచ్చుకో. కింది వాటా ఆయన వాకింగుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు మెట్లు దిగాకే మనం ఆ మాట ఎత్తాం. స్కానుకి వచ్చే మనిషి ముందు మనం ఎప్పుడైనా ఆ సంగతులు మాట్లాడామా? అన్నయ్యని పంపించేదాకా నోరు విప్పొద్దని సైగ చేసింది నువ్వే."

చేసింది. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర అతని బూట్ల లేసులు కట్టి మరీ పంపింది. మరి ఆ వేళ ఇంట్లో ఉన్నదెవరు? తను, చిట్టి, ఇంకొకరు.

ఫోను అలాగే పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

అత్తగారు పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. కోడల్ని చూడగానే చేతులు ఆగాయి. పొద్దున ఆవిడ ఎందుకు ఊరుకుందో కోడలికి అప్పుడర్థమైంది. కూతుర్నీ కోడల్నీ ఒకరి మీదికి ఒకర్ని వదిలేస్తే, మూడో మనిషి వైపు ఎవరూ చూడరు.

"మీరే చెప్పారు కదూ అత్తయ్యా?"

బుకాయిస్తుందనుకుంది. ఆవిడ బుకాయించలేదు.

"చెప్పాను. మీరనుకుంటుంటే విన్నాను. తల కదిపితే మిట్ట లేస్తుందని మీరే అన్నారు, నేను కల్పించలేదు. అక్కడ నా కూతురి చదువంతా ఆ మిట్ట కోసమే చూస్తోంది. ఇక్కడ వాడు గుమ్మంలో కూర్చుని దారినపోయే వాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక్క మిట్టతో ఇద్దరూ నిలబడతారంటే ఏ తల్లి ఊరుకుంటుంది?"

"స్కాను రోజున మీరూ వస్తానని పట్టుబట్టింది అందుకేనా?"

"దారిలో మర్చిపోతాడేమోనని."

"మరి ఇందాక చెప్పింది? యాపిలూ, కుళాయీ..."

"మీరిద్దరూ అక్కడికెళ్ళారు కదా, అడుగుతారని తెలుసు. మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పించాను. నాలుగుసార్లు చెబితే వస్తుంది వాడికి. చిన్నప్పుడు ఎక్కాలూ అంతే."

ఇందాక బాల్కనీలో తను ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి కోడలికి సిగ్గేసింది. సిగ్గు వెనకే భయం పట్టుకుంది. ఆ మనిషి తలలో ఏమీ నిలవలేదు. ఆ తల్లి పాఠం చెప్పింది, కొడుకు అప్పజెప్పాడు.

"రేపు బోర్డుకి కూడా ఇలాగే చెప్పి పంపుతాను," అంది అత్తగారు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా అంది. ఆవిడ బతిమాలడం కోడలు ఎన్నడూ వినలేదు. "పొద్దున చెప్తే మధ్యాహ్నం దాకా ఉంటుంది. అందరికీ అవసరం అంతవరకే. నువ్వు నోరు మెదపకు తల్లీ."

"అంతవరకే ఎలా అవుతుంది అత్తయ్యా? బోర్డు సరేనంటే ఎల్లుండి నుంచి ఎక్కించేది మధ్యాహ్నం షిఫ్టుకి. పైన ఆ గాజు గదిలో ఒక్కరే ఉంటారు. కింద పెట్టె ఎక్కడ దించమన్నారో మర్చిపోతే పక్కన కూర్చుని ఎవరు చెబుతారు?"

అత్తగారు చేతిలోని చిక్కుడుకాయను తుంచి, గింజల్ని తొక్కల్లో పారేసింది. చూసుకోలేదు. కొడుకు పడిపోవడం గురించి ఆవిడ ఆలోచించి ఉంటుంది. అతని చేతి కింద ఇంకెవరో పడటం గురించి ఆలోచించలేదు.

కోడలు ఫోను చెవికి ఆనించింది.

"విన్నావుగా చిట్టీ. ఇంక అడగాల్సిందేం లేదు. ఆ రిపోర్టు చింపెయ్. బోర్డుకి వెళ్ళకూడదు."

అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"చిట్టీ?"

"అది నా దగ్గర లేదు వదినా," అంది ఆడపడుచు. "నిన్ననే బోర్డుకి పంపేశాను. నీ మెసేజీ చూశాక, నువ్వెక్కడ ఆపిస్తావోనని పంపాను."